కేంపమ్మగారి గేసు పొయ్యి

మొన్న శుక్రవారం దేవరాపల్లి బస్సు మా ఇంటి ముందు ఆగింది. అక్కడ ఏ బస్సూ ఆగదు. కండక్టరు ఒక గోనెసంచి మా గుమ్మంలో దింపి, "కేంపమ్మగారి సామానంటమ్మా, మీకే ఇచ్చీమన్నారు" అనేసి ఎక్కేసేడు.

సంచిలో ఒక నేత చీర, కర్ర పిడి గొడుగు, మూత సరిగా పడని కళ్ళజోడు పెట్టె, అడుగున ఒక రేకు పెట్టె. అంతే. యాభై ఏళ్ళు దాటి బతికిన మనిషి సామాను నా రెండు చేతుల్లో పట్టింది. రేకు పెట్టె తెరవక ముందే అందులో ఏముందో తెలిసిపోయింది. కిరసనాయిలు వాసన. ఆవిడ బతికుండగా ఆవిడ కంటే ముందు ఆ వాసనే మా గుమ్మం ఎక్కేది.

దేవరాపల్లి అవతల ఒక గూడెంలో మూడు రోజుల జ్వరంతో పోయేరావిడ. కబురు తెలిసి మా వాళ్ళు వెళ్ళేసరికి మట్టి కూడా అయిపోయింది. ఈ సంచి రాకముందు ఆదివారం ఇక్కడ మా గుడిలో జ్ఞాపక కూటం పెట్టేరు. మా సంఘానికి పెద్ద, రిటైరైన బడిపంతులు, మేమందరం మాస్టారూ అంటాం, ఆయన చాలా చక్కగా మాట్లాడేరు. ఆవిడ నడిచిన దారి ధన్యమన్నారు. ఆవిడ విశ్వాసం మాకందరికీ మాదిరి అన్నారు. ఆ తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆవిడతోనే ఆ కేంపులూ ముగిసిపోయేయి. ఆడవాళ్ళు ఊరూరా చెట్ల కింద వండుకు తిరగడం ఇంక మనకక్కర్లేదు. ఆ పొయ్యి వస్తే గుడి బీరువాలో జ్ఞాపకంగా పెట్టుకుందాం" అన్నారు.

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ నోరు తెరిచేను. ఆమెన్ మాత్రం రాలేదు.

ఇన్నేళ్ళలో పెద్దల మాటకి నా నోట ఆమెన్ రాకపోవడం అదే మొదలు. ఆ రాని మాటతో నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. అంచేత ఇది రాస్తున్నాను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్న టైలరు. బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతోనే అరుగు మీద నాకు అక్షరాలు దిద్దబెట్టేరు. ఆ సుద్దముక్కకీ, ఆ తండ్రికీ, అటువంటి తండ్రినిచ్చిన దేవుడికీ రోజూ పొద్దున్నే వందనాలు చెప్పుకుంటాను. రాతలో తప్పులుంటే నావి. దీంట్లో ధైర్యం ఏమైనా ఉంటే అది ఆవిడది.

ఆవిడకి పేరు లేక కాదు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. నెలలో ఇరవై రోజులు పల్లెలమ్మట కేంపులోనే ఉండేవారు కాబట్టి కేంపమ్మ అయిపోయేరు. ఆ పేరు మొదట వెటకారంగా పెట్టినదే. ఆవిడ దాన్ని కొత్త చీరలా కట్టుకున్నారు. మా ఇంటి వీధి గదిలో అద్దెకుండేవారు. ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పడం, ఆడవాళ్ళకి ఓనమాలు నేర్పడం, పిల్లల పుళ్ళు కడిగి మందు రాయడం ఆవిడ పని. పెళ్ళయి రెండేళ్ళకే భర్త పోయేరట. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "ఆయన పరలోకంలో ఉన్నాడు, నేను చీడికాడ కేంపులో ఉన్నాను. ఇద్దరం బాగానే ఉన్నాం" అనేవారు.

పొట్టి మనిషి. ఎడమ పాదం కాస్త లోపలికి తిరిగి ఉండేది. అయినా ఆవిడ పక్కన నడవాలంటే నాకు పరుగే. గొడుగు ఎప్పుడూ చేతిలో ఉండేది గాని నెత్తి మీద చూసినవాళ్ళు లేరు. దాని మొనతో నేల మీద అక్షరాలు రాసేవారు, కుక్కల్ని అదిలించేవారు, ఎదటి మనిషి అబద్ధమాడితే ఆ మనిషి కాలి బొటనవేలి ముందు టక్కున గుచ్చేవారు. ఇంక ఎవరైనా ఇది కుదరదు, అలా వీల్లేదు, ఆడదానివి నీ వల్ల కాదు అన్నారో, ఆవిడ గొడవపడేవారు కాదు. తల ఒక పక్కకి వాల్చి, ఆ మాట రుచి చూస్తున్నట్టు కాసేపు ఊరుకుని, "అదీ సూద్దాం" అనేవారు. ఆ రెండు మాటలు విని మా సంఘ పెద్దలు భయపడినంతగా పిడుక్కి కూడా భయపడి ఉండరు.

వంట మాత్రం రాదు. అప్పట్లో నేనలా అనుకునేదాన్ని. బియ్యం, పప్పు, ఉప్పు, మిరపకాయ, దొరికిన ఆకు, దొరికిన కాయ, అన్నీ ఒకే గిన్నెలో పడేసి ఉడికించడమే ఆవిడకి తెలిసిన వంట. దానికి కేంపు బువ్వ అని పేరు. "పెద్దమ్మా, పప్పు వేరే, కూర వేరే వండొచ్చు కదా" అంటే, "కడుపులోకెళ్ళేక వేరేవేరే గదులున్నాయేటే?" అని నవ్వేవారు. నాకు చుట్టం కాదు. అయినా పెద్దమ్మా అనే పిలిచేదాన్ని.

ఆ వంట మొదట్లో మూడు రాళ్ళ పొయ్యి మీదే. ఏ ఊరెళ్ళినా ఎవరింట్లోనూ భోజనానికి కూర్చునేవారు కాదు. ఊరి బయట ఏ చింతచెట్టు కిందో రాళ్ళు పేర్చి, ఎండు పుల్లలు ఏరుకుని వండుకునేవారు. అలా వండుతుండగానే ఒక ఏడు బెల్లం వండే రోజుల్లో పుట్టింది గొడవ. వడ్డాది దగ్గర చెరకు కొట్టేసిన పొలం గట్టున పొయ్యి వెలిగించేరు. గాలి లేచి ఒక నిప్పురవ్వ ఎగిరి, ఎండిన చెరకాకు కుప్ప మీద పడింది. ఆవిడే తన కోక చెంగు తడిపి కొట్టి ఆర్పేరు. ఒక మోపు ఆకు కాలింది, అంతకు మించి ఏమీ లేదు. కాని ఆ రైతు గుండె జారిపోయింది. పక్కనే కొట్టని తోట ఉంది మరి. తిన్నగా వచ్చి మాస్టారి దగ్గర మొర పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం గుడి అరుగు మీద పెద్దలు కూచున్నారు. ఆడవాళ్ళం గుమ్మం పక్కన నిలబడ్డాం. మాస్టారు కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఆయన కోపంగా మాట్లాడితే బాగుండేది.

"సూడమ్మా, నీ మంచికే చెప్తన్నాను. వడ్డాదిలో మా తమ్ముడిల్లుంది. పగలు వాక్యం చెప్పు. వాడింట్లో భోంచెయ్యి. పొద్దుగూకేలోగా బస్సెక్కి వచ్చీ. ఈ చెట్ల కింద వంటలు మానీ."

"మీ తమ్ముడుగారి అరుగు మీదకి గూడెం ఆడాళ్ళు ఎక్కుతారా మాస్టారూ?"

"కింద నిలబడి వినొచ్చు."

"అయితే నేనూ కిందే నిలబడతాను. నా పొయ్యీ కిందే ఎట్టుకుంటాను."

"మళ్ళీ పొయ్యంటావు! ఆ పొయ్యి వల్లే కదా ఈ తంటా అంతా. ఒక్క రవ్వ చాలు, వడ్డాది నుంచి చీడికాడ దాకా తోటలన్నీ అంటుకోడానికి. రవ్వ లేవని పొయ్యి ఎక్కడైనా ఉంటే తెచ్చి, అందరి ముందూ ఇక్కడ వండి చూపించు. అప్పుడు నీకిష్టమొచ్చిన చోట కేంపు వేసుకో. నేనడ్డు చెప్పను. లేదా, ఇంక కేంపులు లేవు."

పెద్దలందరూ నవ్వేరు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు కూడా కొంతమంది కొంగు అడ్డుపెట్టుకుని నవ్వేరు. ఆవిడ తల పక్కకి వాల్చేరు.

"అదీ సూద్దాం."

మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, "పద, పొయ్యి కొనాలి" అన్నారు. నన్నెందుకంటే, "నాకు వంట రాదని ఊరంతా సెప్తన్నావు కదా. వంటొచ్చినదానివి నువ్వు రా" అన్నారు. నా మొహం మాడిపోయింది.

చోడవరం బజార్లో పెళ్ళిళ్ళకి గేసు లైట్లు అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. స్టవ్వులూ అక్కడే దొరికేవి. పంపు కొడితే కిరసనాయిలు గేసైపోయి మండుతుంది కాబట్టి పంపు స్టవ్వుని మా వైపు గేసు పొయ్యి అనేవారు. షావుకారు ముందు మాకు ఒత్తుల స్టవ్వు చూపించేడు. పది ఒత్తులు, పచ్చరంగు, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

"ఆడవాళ్ళకి ఇదే మంచిదమ్మా. చప్పుడుండదు, పేలిపోదు."

నాకూ అదే నచ్చింది. "ఇది తీసుకుందాం పెద్దమ్మా" అన్నాను.

"ఈదిలోకి తెండి" అన్నారావిడ.

"ఈదిలోకెందుకమ్మా, ఇక్కడే వెలిగించి చూపిస్తాను."

"బాబూ, నేను నీ కొట్లో వండుకోను కదా. గాలున్న చోట వండుకుంటాను. గాల్లో సూపించు."

షావుకారు చిరాకు పడుతూనే వీధిలో పెట్టి వెలిగించేడు. అటువైపు నుంచి గాలి కొట్టగానే పది ఒత్తులూ ఒక్కసారి పక్కకి పడుకుని, నల్లటి పొగ కక్కి, నాలుగు ఆరిపోయేయి. ఆవిడ నా వంక చూసేరు. నేను నేల వంక చూసేను.

రెండోది పెద్ద ఇత్తడి పంపు స్టవ్వు. షావుకారు దాన్ని తన కొడుకు గురించి చెప్పినట్టు చెప్పేడు. గుయ్యిమని మండింది కూడా. మంట గాలికి వంగలేదు. ఆవిడ దాన్ని ఎత్తి చూసేరు, చంకలో పెట్టి చూసేరు, తరవాత రోడ్డు మీద బండి చక్రాల గాడిలో పెట్టించి, పైన చెంబు ఉంచేరు. చెంబు ఓరగా జారి కింద పడింది.

"అక్కడెడితే పడిపోదేటమ్మా! చదునైన చోట పెట్టాలి గాని!"

"నా కేంపుల్లో సిమెంటు గచ్చులుండవు బాబూ."

అప్పటికి మా చుట్టూ ఒక పదిమంది పోగయ్యేరు. ఇద్దరాడవాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగిస్తుంటే ఎవరు ఆగరు? నాకు సిగ్గుతో ప్రాణం పోతోంది. ఆవిడ మాత్రం కొట్లో పై అరలోకి గొడుగు చూపించి, "ఆ రేకు పెట్టెలో ఏటి?" అన్నారు.

"అది మీకు పనికిరాదమ్మా. యుద్ధం రోజుల్లో సిపాయిలు వాడినది. ఎవడో ఇచ్చేసి పోయేడు. అది మగాళ్ళ సరుకు."

"అదీ సూద్దాం."

దించేరు. దుమ్ము దులిపి మూత తీస్తే అందులో ఇత్తడి టాంకీ ఒకటి, బుల్లి చెంబంత. దాని పక్కనే ముడుచుకుని పడుకున్న మూడు కాళ్ళు. ఊడదీసిన బర్నరు, పిన్ను, చిన్న సీసా. కాళ్ళు విప్పితే బాగా ఎడంగా, నేలని పట్టుకునేట్టు ఉన్నాయి. షావుకారు పంపు లాగేడు. గాలి పట్టలేదు. "చెప్పేను కదా, పనికిరాదని" అన్నాడు.

అప్పుడావిడ చేసిన పని నా కళ్ళకి ఇప్పటికీ కడుతుంది. పంపు కడ్డీ బైటికి లాగి, దాని చివర ఎండి బిగుసుకుపోయిన తోలు బిళ్ళని గోటితో నొక్కి చూసేరు. చెయ్యి వెనక్కి పెట్టి, తలకి రాసుకున్న ఆముదం వేలితో తీసి ఆ తోలుకి రాసేరు. ఒకసారి, రెండుసార్లు. మళ్ళీ బిగించి పంపు కొడితే గాలి పట్టింది. సీసాలో మిగిలిన స్పిరిటు పోసి, బర్నరు వేడెక్కేదాకా ఆగి, మరో నాలుగు దెబ్బలు కొట్టేసరికి నీలం మంట కోడెనాగులా బుస్సున లేచింది. అదే బండి గాడిలో, అదే గాలిలో పెట్టి చెంబెక్కించేరు. పడలేదు. ఆరలేదు. ఒక్క రవ్వ ఎగరలేదు.

"మహా చప్పుడు చేస్తందమ్మా" అన్నాడు షావుకారు, ఓడిపోయి.

"నేనూ అంతే" అన్నారావిడ.

పరీక్ష ఆదివారం ఆరాధన అయ్యేక గుడి ఆవరణలోనే. ఆ ముందురోజు ఆవిడ ఒక వింత పని చేసేరు. మా ఇంట్లో పిడికెడు బియ్యమడిగేరు. పక్కింట్లో కాసింత పప్పు, ఎదురింట్లో నాలుగు మిరపకాయలు. మాస్టారింటికి వెళ్ళి ఉప్పు అడిగేరట. "పొయ్యి కొన్న మనిషికి ఉప్పు కొనడం రాలేదా?" అని మాస్టారు నవ్వి పంపేసేరట. పరీక్షలో గెలవాల్సిన మనిషి ఇలా ముష్టికి తిరగడమేమిటని నాకు తలకొట్టేసినట్టయింది.

పొయ్యి వెలిగింది. గిన్నె ఎక్కింది. ఏ కొత్త వస్తువైనా వాడేముందు మాలో ప్రార్థన చేసి ప్రతిష్ఠించడం వాడుక. మాస్టారు లేచి నిలబడ్డారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆయన ప్రార్థన సృష్టితో మొదలుపెట్టేరు. జలప్రళయం దాటి, ఎడారి నలభయ్యేళ్ళూ నడిచి, దేశాన్నేలేవారి కోసం, వానల కోసం, సంఘంలో రోగుల కోసం పేరుపేరునా వేడుకుంటున్నారు. గాలి తగ్గిపోతే పంపు పొయ్యి కొడిగట్టిపోతుందని ఆయనకి తెలియదని నేననను. తెలుసునని కూడా అనను. దేవుడికి తెలుసు.

బుస్ మనే చప్పుడు మెల్లిగా సన్నబడింది. నా గుండె కూడా సన్నబడింది. కళ్ళు మూసుకునే, "తండ్రీ, ఆరిపోనియ్యకు" అనుకుంటున్నాను. అంతలో వినిపించింది: చుక్, చుక్, చుక్, చుక్. నాలుగు దెబ్బలు. చప్పుడు మళ్ళీ పెద్దదైంది. మాస్టారి గొంతు ఒక క్షణం ఆగి, ఇంకా పైకి లేచింది. కాసేపయ్యేక మళ్ళీ చుక్, చుక్, చుక్. అలా ఆయన ప్రార్థనా, ఆవిడ పంపూ ఒకదాని తరవాత ఒకటి. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి ఆమెన్ అన్నాం. కళ్ళు తెరిచేసరికి గిన్నె దించి ఉంది. బువ్వ ఉడికిపోయింది.

"ప్రార్థనలో కళ్ళు తెరిచి పంపు కొడతావా!" మాస్టారి మొహం కందగడ్డయిపోయింది.

"దేవుణ్ణి కళ్ళు మూసుకునే నమ్ముతాను మాస్టారూ. గాల్ని మాత్రం కళ్ళు తెరిచి సూడాల."

"సరే, పొయ్యి బాగానే ఉంది. కాని ఆడది ఒక్కత్తీ..."

"మీరు మాటిచ్చేరు. ఇక్కడున్నోలందరూ ఇప్పుడు కళ్ళు మూసుకున్నారు గాని, ఆవేళ సెవులు మూసుకోలేదు." అని మొదటి గరిటె ఆయన ఆకులోనే వడ్డించేరు.

మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేదు" అన్నారు.

"ఉప్పు మీ ఇంటి నుంచి రావాల. రాలేదు" అన్నారావిడ, చాలా మెత్తగా.

ఆ మాట దెప్పిపొడుపనుకున్నాను. కాదని తెలియడానికి నాకు ఇంకో పన్నెండు రోజులు పట్టింది.

ఆ నెలలోనే మా ఆయన్ని ఒప్పించి నన్ను తనతో ఒక కేంపుకి తీసుకెళ్ళేరు. చీడికాడలో బస్సు దిగి, కొండల వైపు రెండు గంటలు నడిస్తే ఒక గూడెం. పన్నెండిళ్ళు. దారిలో అడిగేను, ఎవరింట్లోనూ ఎందుకు తినరని. ఎప్పుడడిగినా ఏదో నవ్వులాట మాట చెప్పే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"మొదటిపాలి ఈ గూడెమొచ్చినప్పుడు సూరమ్మని ఒకామె ఉంది, ఆవిడింట్లో తిన్నాను. కోడి కోసింది, వరన్నం ఎట్టింది. కడుపునిండా తిని, సెయ్యి కడుక్కుందామని పెరట్లోకెల్తే, సూరమ్మ అన్నం గిన్నె కడిగి, ఆ నీల్లల్లో ఉప్పేసుకుని తాగుతంది. నన్ను సూసి గిన్నె ఎనక్కి దాచింది. అంతే. ఇంకెవలింట్లోనూ నేను కూకోలేదు."

గూడెం చేరగానే ఆ సూరమ్మే ఎదురొచ్చింది. ఎముకలు తేలిన మనిషి, నోరు మాత్రం పెద్దది. "ఓలమ్మ, ఈపాలి కోడల్ని తెచ్చిందిరో!" అని ఊరంతా వినబడేట్టు కేకేసి, నా చెయ్యి పట్టుకుని తన గుమ్మంలో కూచోబెట్టింది. పెద్దమ్మ పొయ్యి పెట్టె విప్పుతుంటే, సూరమ్మ బచ్చలాకు గిల్లుతూ నాతో కబుర్లు మొదలెట్టింది.

"మీ పెద్దమ్మ ఎంత తిక్కమనిషో తెల్సా నీకు? మొదటిపాలి మా ఇంట్లో సుబ్బరంగా తిన్నాది. రెండోపాలి తన బియ్యం తనే తెచ్చుకుని, ఆ సెట్టు కింద తనే వండుకుని, తనే తినేసింది. మావందరం తలుపులేసేసుకున్నాం. ఆ పూట ఒక్కలం ఈవిడ ప్రార్థన పాటకెల్లేదు."

"ఎందుకూ?"

"ఎందుకేటి? కామందులూ మా కూడు తినరు, ఈవిడా తినదు. ఇంక తేడా ఏటుంది? ఈవిడ దేవుడూ వోళ్ళ దేవుడే అయితే నాకెందుకూ అనుకున్నాను."

సూరమ్మ ఆకు గిల్లడం ఆపకుండానే చెప్పుకుపోయింది.

"తెల్లారేసరికి నా తలుపు కొట్టింది. 'ఒసే సూరమ్మా, నాకు బుద్ధి లేదే, నీ ఇంట్లో ఉప్పుంటే కాసింత ఎట్టు' అన్నాది. ఉప్పేటి, ఉప్పు ఎవలింట్లో ఉండదు? ఎట్టేను. పక్కింట్లో మిరపకాయ, అవతలింట్లో ఆకు. ఉన్నోలింట్లో ఉన్నది, లేనోలింట్లో ఉప్పురాయి. అన్నీ ఒక గిన్నెలో ఏసి అందరికీ ఎట్టింది. అప్పుట్నుంచి అదే."

లేచి నిలబడి తన ఉప్పు పిడత పట్టుకుని చెట్టు కిందకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళేను. గొడుగు విప్పి పొయ్యి పక్కన గాలి వచ్చే వైపు ఆనించి ఉంది. పొయ్యి బుసకొడుతోంది. ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకావిడ నాలుగు చిక్కుడుకాయలు వేసింది. ఒక ముసలావిడ చిన్న చింతపండు ఉండ వేసింది. ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి ఒకే ఒక్క వంకాయ ఇచ్చింది, అది కూడా సగం పుచ్చు. ఆవిడ పుచ్చు కోసేసి మిగతాది వేసేరు. సూరమ్మ ఉప్పు వేసి, గరిటెతో నాలిక్కి రాసుకుని, "ఇప్పుడు సరిపోనాది" అంది.

వంట రాదని నేను ఊరంతా చెప్పిన మనిషి వంట అది. ఆకులో పెట్టి నా చేతికిచ్చేరు. నేను మంచి వంటకత్తెనే, మా ఇంట్లో పండక్కి ఆరు రకాలు వండుతాను. అటువంటిది నా చేత్తో ఎప్పుడూ వండలేదు. కళ్ళంట నీళ్ళు తిరిగితే, "కారమెక్కువైందేటే?" అన్నారు. అవునన్నాను. దేవుడికి వందనాలు చెప్పుకుని తిన్నాను.

రెండో వాయికి పొయ్యి చప్పుడు తగ్గింది. "ఇలా రా. నువ్వు కొట్టు" అన్నారు నాతో. నాకు భయం. తల అడ్డంగా ఊపేను. ఆవిడ బలవంతం చెయ్యలేదు. "సరేలే, ఇంకోపాలి" అన్నారు.

నేను మళ్ళీ వెళ్ళలేదు. పిల్లలు, అత్తగారి మంచం, ఏవో కారణాలు. కారణాలు ఎప్పుడూ మంచివే ఉంటాయి. ఆ ఇంకోపాలి అలా ఉండిపోయింది. ఆవిడ మాత్రం నాలుగేళ్ళపాటు ఆ పొయ్యి చంకన పెట్టుకుని తిరిగేరు. ఒక్క చెరకాకు కాలలేదు. ఇప్పుడు ఆ పొయ్యి నాకు పంపించమన్నారు. మాస్టారికి కాదు, గుడికి కాదు. నాకు.

శనివారం సాయంత్రం మా ఇంట్లో అందరూ బైటికెళ్ళేక పెట్టె విప్పేను. కాళ్ళు విప్పేను. పంపు లాగితే గాలి పట్టలేదు. తోలు బిళ్ళ ఎండిపోయింది. ఏం చెయ్యాలో నా చేతికి తెలుసు. నా జడలోంచి నూనె తీసి రాసేను. మొదటిసారి తొందరపడి, వేడెక్కక ముందే పంపు కొట్టేను. పసుపుపచ్చ మంట నా మొహమంత ఎత్తున లేచింది. "యేసయ్యా!" అని గోడకి అంటుకుపోయేను. గాలి వదిలేసి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ మొదట్నుంచీ. ఈసారి ఆగేను. ఓపిగ్గా ఆగేను. నీలం మంట లేచింది.

సరిగ్గా అప్పుడే వచ్చేరు మాస్టారు, పొయ్యి పట్టుకెళ్ళడానికి. చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయేరు. కుర్చీ వేసి, దాని మీదే కాఫీ కాచి ఇచ్చేను. ఆయన పెద్దవారు. మా పెళ్ళి జరిపించినవారు, మా పిల్లల్ని దీవించినవారు. దానికి నేనెప్పుడూ కృతజ్ఞురాలినే.

కాఫీ తాగి, "చల్లారేక పంపించమ్మా. రేపు బీరువాలో పెడదాం" అన్నారు.

"పంపించలేను మాస్టారూ. సోమవారం చీడికాడ వెళ్తన్నాను. నాతో ఉండాలి."

"నువ్వా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయేరు. "నువ్వెప్పుడైనా గడప దాటినదానివా? నలుగురిలో నోరు విప్పినదానివా? నీ వల్ల కాదమ్మా."

నా నోట్లోకి ఆవిడ మాట వచ్చింది. కాని అది ఆవిడది. నేను దాన్ని తీసుకోలేదు. చేతులు కట్టుకుని నాకు తోచిన మాటే చెప్పేను.

"మీ ఇంటి నుంచి కాస్త ఉప్పు పంపించండి మాస్టారూ. పోయినసారి రాలేదు."

ఆయన గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేరు.

ఇవాళ సోమవారం. తెల్లవారి బస్సుకి సంచి సర్దుకుంటుంటే వీధి తలుపు చప్పుడైంది. మాస్టారి భార్య. మా ఇంటికి ఆవిడ ఒక్కరూ ఎప్పుడూ రాలేదు. గుడిలో కూడా ఆయన వెనకాలే నడిచి, ఆయన వెనకాలే కూచునే మనిషి. కొంగు ముడి విప్పి గుప్పెడు కల్లుప్పు నా అరచేతిలో పోసేరు.

"ఇది ఆయన పంపినది కాదు. నేను తెచ్చేను" అన్నారు. "కేంపమ్మగారు అడిగిన రోజు కూడా ఉప్పు పొట్లం కట్టే ఉంచేనమ్మా. చేతిలో పట్టుకుని లోపలే నిలబడిపోయేను."

ఉప్పు పొట్లం కట్టి సంచిలో పెట్టేను. ఆవిడ వెళ్ళలేదు. పెట్టె వంక చూస్తూ నిలబడ్డారు.

"బస్సుకింకా టైముందేటి?"

"ఉందండి."

"అయితే దాన్నొకపాలి నన్ను కొట్టనియ్యవా?"

పొయ్యి తీసి అరుగు మీద పెట్టి, స్పిరిటు పోసి వెలిగించేను. ఇద్దరం ఓపిగ్గా ఆగేం. వేడెక్కింది. మాస్టారి భార్య మోకాళ్ళ మీద కూచుని, రెండు చేతులతో పంపు పట్టుకున్నారు. కళ్ళు మూసుకోలేదు.

చుక్, చుక్, చుక్, చుక్.